ఇంటర్వెల్‌లో లేవని వదిన

మన సినిమా డాక్టర్లకు రక్తపరీక్షలూ స్కానింగులూ అక్కర్లేదు. హీరోయిన్ కళ్లు తిరిగి పడితే నాడి పట్టుకుని, ఓ నవ్వు నవ్వి, "తల్లి కాబోతోంది!" అనేస్తారు. హీరో దగ్గి కర్చీఫ్ చూసుకున్నాడా, క్లైమాక్స్ ఖాయం! నెలనెలా ఒళ్లు గుల్లయ్యేంత రక్తం పోయే ఆడమనిషి మాత్రం ఏ రీల్లోనూ కనబడదు. ఆమె మన పక్క సీట్లోనే ఉంటుంది సుమండీ!

కిందటేడు దసరాకు పినపాక వెళ్లి, మా వదినను మణుగూరులో మ్యాట్నీకి తీసుకెళ్లాను. ఇంటర్వెల్ పడింది. అందరూ లేచారు. వదిన లేవలేదు. "నువ్వు పోయి చాయ్ తాగి రా పిల్లా, నేనీడనే కూసుంటా" అంది. ముఖం చూస్తే సున్నం కొట్టిన గోడలా ఉంది. ఆట అయ్యి జనమంతా వెళ్లాక, నా చున్నీ అడ్డం పెట్టుకుని బయటికొచ్చింది.

అయిదు నెలలుగా నెలకు పన్నెండేసి రోజులు, గడ్డలు గడ్డలుగా పోతోందట. "వేడి చేసిందిలే" అనుకుందట. ఓ డాక్టరైతే పరీక్షలేవీ లేకుండానే, "ఇద్దరు పిల్లలున్నారుగా, గర్భసంచి తీయించేయ్" అన్నాడట. వదినకు ముప్పై నాలుగేళ్లు! పత్తి డబ్బు చేతికి రాగానే ఆపరేషనట!

నేను ఊరుకోక భద్రాచలం లాక్కెళ్లాను. అక్కడి డాక్టరమ్మ ముందు గర్భం లేదని తేల్చుకుంది. హిమోగ్లోబిన్ 12 ఉండాల్సింది 7 ఉంది. స్కానింగులో గర్భసంచి బయటివైపు గోళీకాయంత గడ్డ కనబడింది. దొంగ దొరికాడనుకున్నాను. కాదట! అసలు విలన్ మెడలో ఉన్నాడు... థైరాయిడ్!

చూశారా, విలన్లు చాలామంది. గర్భసంచిలో కండ గడ్డలు, పాలిప్‌లు, లోపలి పొర కండలోకి చొచ్చుకుపోవడం, ఆ పొర మందం కావడం, క్యాన్సర్. అండం సరిగా విడుదల కాకపోవడం, థైరాయిడ్, పీసీఓడీ. కాపర్ టి, రక్తం పలచబడే మందులు. రజస్వల అయిన కొత్తలో రెండు మూడేళ్లు నెలలు తప్పడం మామూలే. కానీ మొదటి నెలనుంచే ధారగా పోతుంటే, రక్తం గడ్డకట్టే గుణంలో లోపం ఉందేమో చూడాలి. అలాంటి ఒక జబ్బును ఫిన్లండు డాక్టరు ఎరిక్ ఫాన్ విల్లెబ్రాండ్ 1926లోనే వివరించాడు.

ఇన్ని కారణాలకు ఒకటే కత్తి ఎందుకండీ? 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్క చూడండి. 15-49 ఏళ్ల స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవారు దేశం మొత్తంమీద నూటికి మూడు పైచిలుకు. ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు తొమ్మిది, తెలంగాణలో దాదాపు ఎనిమిది! కొందరికి ఆపరేషన్ నిజంగానే ప్రాణం నిలుపుతుంది. కానీ కారణం తెలుసుకున్నాక కదా కత్తి పట్టాల్సింది! దాంతోపాటు అండాశయాలు కూడా తీసేస్తే చిన్న వయసులోనే ముట్లు ఉడిగిన అవస్థలు, ఎముకల బలహీనత.

అంచేత అమ్మాయిలూ, ఎనిమిది రోజులు దాటినా, 24 రోజుల్లోపే మళ్లీ వచ్చినా, గంటకో గుడ్డ తడిసినా, కలయిక తర్వాత కనబడినా డాక్టరుకు చూపించండి. నెల తప్పాక రక్తం, కడుపునొప్పి ఉంటే ఆ రోజే వెళ్లండి. ముట్లు ఆగిపోయిన అమ్మకు ఒక్క చుక్క కనబడినా సరే, తాత్సారం వద్దు. అబ్బాయిలూ, పేజీ తిప్పేయకండి. బస్సు ఛార్జీలు తీసి వెంట వెళ్లాల్సింది మీరే!

సంక్రాంతికి మళ్లీ వెళ్లాను. వదిన థైరాయిడ్ మాత్ర, ఐరన్ మాత్ర మానకుండా వేసుకుంటోంది. పత్తి డబ్బు పిల్లల ఫీజుకు పోయింది. మళ్లీ అదే హాలు, అదే మ్యాట్నీ. ఇంటర్వెల్ బెల్లు కొట్టగానే, "లే పిల్లా, సమోసాలైపోతయ్!" అంటూ నాకంటే ముందు లేచింది.

ఉంటాను మరి. వచ్చేవారం కలుద్దాం.