ఛార్జి నిండకపోతే ముందు ఓల్టేజీ చూడండి

ఎలక్ట్రిక్ స్కూటర్లు తయారయ్యే హోసూరులో మనవాళ్ళు తరతరాలుగా ఉన్నారు. ఇప్పుడు ఇళ్ళముందు ఎలక్ట్రిక్ కార్లూ కనిపిస్తున్నాయి. తెల్లారేసరికి బ్యాటరీ నిండకపోతే షోరూమువాళ్ళను తిడతాం. ముందు చూడాల్సింది ఇంటి ఓల్టేజీ.

లెక్క చిన్నదే. 15 ఆంప్స్ ప్లగ్గులో 230 ఓల్టులుంటే కారు గంటకు సుమారు 3.4 యూనిట్లు తీసుకుంటుంది. లైను చివరి ఇంట్లో 180కి పడితే 2.7 యూనిట్లే. 30 యూనిట్ల బ్యాటరీకి 9 గంటల పని 11 గంటలు దాటుతుంది. స్కూటరు ఛార్జర్లు చాలావరకు ఓల్టేజీ తగ్గితే ఎక్కువ ఆంపియర్లు లాగి సర్దుకుంటాయి, మరీ తగ్గితే ఆగిపోతాయి. అలా లాగినప్పుడు పాత ఇళ్ళ సన్న వైర్లు వేడెక్కుతాయి. ఆలస్యం కన్నా నాకు దాని భయమే ఎక్కువ.

నిబంధన ప్రకారం ఓల్టేజీ 6 శాతానికి మించి తగ్గకూడదు, అంటే సుమారు 216 ఉండాలి. స్టెబిలైజరు కొనేముందు ఎలక్ట్రీషియన్‌తో వైరింగు చూపించండి. సాయంత్రం, అర్ధరాత్రి ఓల్టేజీ కొలిపించి, ఆ అంకెలతో విద్యుత్ బోర్డు ఆఫీసులో అర్జీ ఇచ్చి రసీదు తీసుకోండి. గుమాస్తా పని చేసినవాణ్ణి, చెబుతున్నా: నోటిమాటకు ఫైలు ఉండదు. తమిళంలో రాయడం కష్టమైతే సంఘానికి రండి, రాసిపెడతాం.