పెద్దవారి మంచం దగ్గర ఏ బల్బు?

"60 బల్బు ఒకటివ్వండి" అని కొట్లో అడగటం మనకు పాత అలవాటు. అయితే వాటు కరెంటు ఖర్చుకు కొలత. వెలుగుకు కొలత ల్యూమెను. పాత 60 వాట్ల బల్బు ఇచ్చే సుమారు 800 ల్యూమెన్ల వెలుగును 9 వాట్ల ఎల్‌.ఇ.డి. బల్బు ఇస్తుంది. రోజుకు 5 గంటలు వెలిగిస్తే నెలకు దానికి 9 యూనిట్లు, దీనికి ఒకటిన్నరలోపే.

అందుచేత నన్నడిగితే, వెలుగు దగ్గర పిసినారితనం ఇక అనవసరం. ముందుగదిలో దీపాలు ధగధగలాడుతుంటాయి. అత్తగారి మంచం దగ్గర మాత్రం, పొదుపు పేరుతో గుడ్డిదీపం! వయసు మళ్ళితే కంటిపాప చిన్నదవుతుంది, లోపలి కటకం పచ్చబారుతుంది. పడుచువారికి చాలిన వెలుగు వారికి చాలదు. బియ్యంలో రాళ్ళు వదిలేశారని, స్నానాలగది గడప తట్టుకున్నారని విసుక్కునేముందు, పైనున్న బల్బు చూడండి.

కొనేటప్పుడు పెట్టె తిప్పి చదవండి. 2700 కెల్విన్లంటే పసుపు వెలుగు, పడకగదికి హాయి; 6500 అంటే తెల్లటి వెలుగు. సి.ఆర్‌.ఐ. 80కి తగ్గనివ్వకండి, లేకపోతే చీరల రంగులు సరిగా పోల్చుకోలేరు. 2018 నుంచి మనదేశంలో నక్షత్రాల లేబులు తప్పనిసరి. మూసివున్న గాజుబుడ్డిలో బిగిస్తే వేడికి బల్బు త్వరగా పోతుంది. రసీదు మాత్రం పోపులడబ్బాలోనైనా సరే, దాచండి.

ఈ రాత్రి పెద్దవారి చేత ఈ పేజీ చదివించి చూడండి. తడుముకుంటే ముందు బల్బు మార్చండి. అప్పటికీ కనబడకపోతే, ఆలస్యం చేయక కంటి డాక్టరుకు చూపించండి.