విన్న హెచ్చరిక, వినని హెచ్చరిక

చేతులు కాలిన తరువాత ఆకులు పట్టుకోవడం మనకు కొత్త కాదు. అయితే చేయి కాలకముందే నిప్పును చూపి వారించినవారి మాటను మనమేమి చేశామన్నది విచారింపదగిన విషయం. పర్యావరణానికి కలిగే హానిని గురించి శాస్త్రజ్ఞులు ఏనాడో చేసిన హెచ్చరికలకు కాలం చెల్లినదని కొందరి అభిప్రాయం. అది సరికాదని నా మనవి. రెండు హెచ్చరికల చరిత్రను పోల్చి చూస్తే ఈ సంగతి బోధపడుతుంది.

మొదటిది ఓజోన్ పొరకు సంబంధించినది. శీతల యంత్రాలలోను, స్ప్రే డబ్బాలలోను అప్పట్లో వాడిన క్లోరోఫ్లోరోకార్బన్ వాయువులు పైవాతావరణానికి చేరి విచ్ఛిన్నమై ఓజోన్‌ను హరిస్తాయని 1974లో మొలీనా, రోలండ్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు ప్రకటించారు. ఓజోన్ తరిగితే అతినీలలోహిత కిరణాలు అధికంగా నేలకు చేరి చర్మ క్యాన్సర్ వంటి వ్యాధులు పెరుగుతాయి. పరిశ్రమలవారు దీనిని ఊహాగానమన్నారు. కాని 1985లో అంటార్కిటికాపై ఓజోన్ క్షీణించినట్లు బ్రిటిష్ పరిశోధకులు తమ దీర్ఘకాలపు కొలతలతో నిరూపించారు. 1987లో మాంట్రియల్ ఒప్పందం కుదిరింది. 1992లో మన దేశమూ అందులో చేరింది. నేడు ఆ పొర క్రమంగా కోలుకుంటున్నది.

రెండవది బొగ్గుపులుసు వాయువును గురించినది. గాలిలో ఈ వాయువు పెరిగితే భూమి వేడెక్కుతుందని స్వీడన్ శాస్త్రజ్ఞుడు అరీనియస్ 1896లోనే లెక్కకట్టాడు. 1958లో కీలింగ్ అనే అమెరికన్ శాస్త్రజ్ఞుడు హవాయి దీవిలోని పర్వతంపై కొలత ప్రారంభించిన నాటికి, పదిలక్షల భాగాల గాలిలో ఇది సుమారు 315 భాగాలు. నేడు 420 దాటినది. ఈ వాయువు రెట్టింపైతే ఉష్ణోగ్రత సుమారు 3 డిగ్రీలు పెరుగగలదని 1979లో అమెరికన్ శాస్త్రజ్ఞుల సంఘమొకటి నివేదించింది. 2024వ సంవత్సరం అంతవరకు నమోదైనవాటిలో అత్యంత ఉష్ణ సంవత్సరమైనది.

ఓజోన్ సమస్య సులభమైనది, కొన్ని కర్మాగారాలు మారితే చాలినది. బొగ్గు, చమురు అట్లా కాదే అని ఎవరైనా ప్రశ్నించవచ్చు. నిజమే. ప్రతి దీపం వెనుక, ప్రతి వాహనం వెనుక అవే ఉన్నవి. సంపన్న దేశాలు ఎక్కువగా తగులబెట్టి, పేదదేశాలను ఆగుమనడం న్యాయమూ కాదు. అయితే భారం ఎవరు ఎంత మోయాలన్నది వేరు, లెక్క నిజమా కాదా అన్నది వేరు. మొదటిదానిపై వాదించవచ్చును, రెండవదానిని కాదనలేము.

ఇక్కడొక విచిత్రమున్నది. విన్న హెచ్చరికను లోకం మరచిపోతుంది, ఎందుకంటే అది చెప్పిన ఆపద రాలేదు. వినని హెచ్చరిక మాత్రం ఏటేటా కొత్తదై తలుపు తడుతుంది. పాతబడినది హెచ్చరిక కాదు, మన ఉపేక్ష!

రెండు సందర్భాలలోను అపహాస్యానికి ఎదురు నిలిచినది ఓపికతో వ్రాసిపెట్టిన కొలతలే. కనుక కళాశాల కమిటీవారికి నాదొక విన్నపం. మన ఆవరణలో ఒక వర్షమాపకాన్ని, ఒక ఉష్ణమాపకాన్ని నెలకొల్పండి. ఉర్దూ, తెలుగు విద్యార్థులు కలిసి ప్రతిదినమూ ఆ అంకెలను ఒక పుస్తకంలో వ్రాయాలి. ఖర్చు స్వల్పం. మన తరువాత వచ్చేవారికి మాత్రం అది విలువ కట్టలేని సాక్ష్యం కాగలదు.