ధాన్యానికి తేమ చూస్తారు, మనిషికి నీరు చూడరా?

దాళ్వా ధాన్యంలో తేమ 17 శాతం మించితే కొనుగోలు దగ్గర పేచీ మొదలవుతుంది. ఆ తేమ దిగేదాకా రోడ్ల వెంట, కళ్లాల్లో ఏప్రిల్ ఎండలో ధాన్యాన్ని తిరగదోసేది మనుషులే. కోత యంత్రాలు వచ్చినా మండపేట చుట్టుపక్కల బస్తాలకెత్తడం, లారీకి మోయడం, మిల్లులో దించడం ఇంకా కూలీల భుజాల మీదే నడుస్తోంది. గింజలో తేమ కొలవడానికి మిషను ఉంది. ఆ గింజను ఎండబెట్టేవాడి ఒంట్లో నీరెంత ఇంకిపోయిందో అడిగే నాథుడు లేడు.

సాయంత్రానికి పిక్కలు పట్టేస్తాయి. తొడలు, పొట్ట కండరాలు బిగుసుకుంటాయి. 'నరం పట్టింది' అనుకుని నొప్పి బిళ్ల మింగి మర్నాడు మళ్లీ పనిలోకి దిగుతాం. ఒంట్లో నీరు తగ్గినప్పుడు ఆ బిళ్లలు కిడ్నీలకు చేటు.

చెమటతో నీరే కాదు, ఉప్పూ పోతుంది. చెమట ధారగా కారుతున్నప్పుడు ఉత్త నీళ్లే తాగుతూ పోతే ఉన్న ఉప్పు ఇంకా పలచబడుతుంది. బ్రిటన్ బొగ్గు గనుల కార్మికుల నొప్పులను పరిశీలించినవారు 1920లలోనే నీళ్లలో కాస్త ఉప్పు కలిపి ఇవ్వమన్నారు. అలాగని ప్రతి పట్టుకూ నీటి కొరతే కారణం కాదు. విశ్రాంతి లేక అలసిన కండరమూ పట్టేస్తుంది. పిక్క పట్టినప్పుడు కాలు చాపి, పాదాన్ని మన వైపుకు లాగి మెల్లగా సాగదీయాలి.

మందు మన వంటింట్లోనే ఉంది. పొద్దున్నే టీ చుక్కతో పొలానికి పోకుండా మజ్జిగ, ఉప్పు, ఉల్లిపాయతో చద్దన్నం తినాలి. ఉప్పేసిన గంజి, రాగి అంబలి, అరటిపండు మంచివి. మన కోనసీమ కొబ్బరినీళ్లలో పొటాషియం ఎక్కువే గానీ ఉప్పు తక్కువ, అవొక్కటే చాలవు. ఓఆర్‌ఎస్ ప్యాకెట్ లేకపోతే లీటరు కాచి చల్లార్చిన నీళ్లలో ఆరు టీ చెంచాల పంచదార, అర టీ చెంచా ఉప్పు కలుపుకోవాలి. చెంచా గోపురంగా కాదు, సమానంగా ఉండాలి. ఓఆర్‌ఎస్ పేరుతో అమ్ముడయ్యే తీపి పానీయాలపై హైదరాబాద్ పిల్లల వైద్యురాలు శివరంజని సంతోష్ ఏళ్ల తరబడి పోరాడగా, 2025 అక్టోబరులో ఆహార భద్రతా సంస్థ ఆ పేరు వాడకాన్ని నిషేధించింది. బీపీ, కిడ్నీ జబ్బులున్నవారు ఉప్పు పెంచే ముందు డాక్టరును అడగాలి.

అయితే జాగ్రత్త చెప్పి చేతులు దులుపుకుంటే చాలదు. గుత్త పనిలో నీళ్లకు ఆగితే కూలి తగ్గుతుంది. అందుకే ఎవరూ ఆగరు. పని పెట్టిన రైతు కుండెడు మజ్జిగ, నీడ, నడిమధ్యాహ్నం విరామం ఇవ్వాలి. ఒక బస్తా ధర ముందు ఆ ఖర్చెంత? పనిచోట మంచినీరు, నీడ, ప్రథమ చికిత్స ఉండాలని 2005 నాటి ఉపాధి హామీ చట్టమే రాసింది. ధాన్యం కొనుగోలు కేంద్రాలకు, మిల్లు దిగుమతి చోట్లకు ఆ నియమం ఎందుకు వర్తించకూడదు? ఎండలో రోజుల తరబడి కాపలా తప్పాలంటే అద్దెకు డ్రయ్యర్లు, సకాలంలో సంచులు, లారీలు కావాలి. రాబోయే దాళ్వాకు ముందే మన సంఘం ఇవి అడగాలి.

చివరిగా ఒక్క మాట. ఎండలో పనిచేసే మనిషి మాట తడబడినా, స్పృహ తప్పినా అది ఉత్త పట్టు కాదు, వడదెబ్బ. నోట్లో నీళ్లు పోయకండి. నీడకు చేర్చి, ఒళ్లంతా తడిపి, విసురుతూ వెంటనే 108కి ఫోన్ చేయండి. ధాన్యం రేపైనా ఎండుతుంది.