ఒకే తేదీ... ఇద్దరు గాంధేయవాదులు

డిసెంబరు 15. ధనుర్మాసం గుమ్మంలోకి వచ్చే వేళ. సెలవు లేదు, పండగా లేదు. కానీ భారతదేశ పటాన్ని మార్చిన ఇద్దరు రెండేళ్ల తేడాతో కన్నుమూసింది ఈ తేదీనే.

మొదటివారు సర్దార్ వల్లభ్‌భాయ్ పటేల్. స్వాతంత్ర్యం వచ్చేనాటికి దేశంలో 550కి పైగా సంస్థానాలున్నాయి. బుజ్జగించో, బెదిరించో వాటిని భారత్‌లో కలిపిన ఘనత ఆయనది. మొండికేసిన హైదరాబాద్‌కు 1948 సెప్టెంబరులో సైన్యాన్నే పంపారు. ఆ ఉక్కుమనిషి 1950 డిసెంబరు 15న బొంబాయిలో గుండెపోటుతో మరణించారు. అప్పటికి ఆయన వయసు 75 ఏళ్లు.

సరిగ్గా రెండేళ్లకు, 1952 డిసెంబరు 15 రాత్రి, మద్రాసు మైలాపూర్‌లోని బులుసు సాంబమూర్తి ఇంట్లో మరో దీపం ఆరిపోయింది. మద్రాసుతో కూడిన ఆంధ్రరాష్ట్రం కావాలంటూ అక్టోబరు 19న నిరాహారదీక్ష మొదలుపెట్టిన పొట్టి శ్రీరాములు 58 రోజుల తర్వాత ప్రాణాలు వదిలారు.

ఇద్దరూ గాంధీజీ బాటలో నడిచినవాళ్లే. పటేల్ బార్డోలీ సత్యాగ్రహాన్ని నడిపించారు. శ్రీరాములు రైల్వే ఉద్యోగం వదిలేసి సబర్మతి ఆశ్రమం చేరారు. కానీ భాషా రాష్ట్రాల దగ్గరికి వచ్చేసరికి దారులు వేరయ్యాయి. ఆ విషయం తేల్చడానికి కాంగ్రెస్ వేసిన జేవీపీ కమిటీలో నెహ్రూ, పట్టాభి సీతారామయ్యలతో పాటు పటేల్ కూడా ఉన్నారు. దేశం ఇంకా కుదురుకోలేదు, భాషా రాష్ట్రాలను ఇప్పట్లో తలకెత్తుకోవద్దని 1949లో ఆ కమిటీ చెప్పింది. ఆంధ్రకు మాత్రం కాస్త మినహాయింపునిస్తూనే, మద్రాసు నగరం మీద ఆశ వదులుకోవాలంది.

పటేల్ వర్గం భయం అర్థంలేనిది కాదు. దేశవిభజన నెత్తుటి మరకలు అప్పటికింకా ఆరలేదు. అటు శ్రీరాములు పట్టుదల వెనక దశాబ్దాల తెలుగువారి ఆవేదన ఉంది. ఆయన మరణవార్త తెలియగానే ఆంధ్ర ప్రాంతం భగ్గుమంది. పోలీసు కాల్పుల్లో పలువురు నేలకొరిగారు. నాలుగు రోజులకే, డిసెంబరు 19న, నెహ్రూ ఆంధ్రరాష్ట్రాన్ని ప్రకటించారు. 1953 అక్టోబరు 1న కర్నూలు రాజధానిగా అది ఏర్పడింది. మద్రాసు మాత్రం దక్కలేదు. మూడేళ్లకు దేశమంతా భాషల వారీగా రాష్ట్రాలు వచ్చాయి.

మరి దేశం ముక్కలైందా? లేదు. పటేల్ కలిపిన దేశం, శ్రీరాములు కోరిన భాషా రాష్ట్రం... రెండూ ఒకే పటంలో ఇమిడిపోయాయి. 2014లో తెలుగువారికి రెండో రాష్ట్రం వచ్చినా ఆ పటం చెక్కుచెదరలేదు.

ఈ తేదీకి ఓ తీపి గుర్తూ ఉంది. 1933 డిసెంబరు 15న నరసాపురంలో సత్తిరాజు లక్ష్మీనారాయణ పుట్టారు. అలా చెబితే ఎవరని అడుగుతారేమో, బాపు అంటే చాలు! శ్రీరాములు కన్నుమూసిన రోజుకి ఆయనకు పందొమ్మిదేళ్లు నిండాయి. శ్రీరాములు తెలుగువారికి రాష్ట్రం కోసం ప్రాణమిస్తే, బాపు తెలుగు అక్షరానికి తన చేతిరాతనిచ్చారు. శుభలేఖల మీద, పుస్తకాల అట్టల మీద ఇప్పటికీ మెరిసే ఆ ఒంపుల అక్షరాలు ఆయనవే.

పటేల్, శ్రీరాములు వర్ధంతి, బాపు జయంతి... మూడూ ఒకే రోజు. దండం పెట్టుకోవడానికీ, చిన్నగా నవ్వుకోవడానికీ క్యాలెండర్‌లో ఒక్క గడే చాలు.