వెయిట్ లాస్ సర్జరీ: కడుపు తగ్గిస్తే పేగుల్లో బ్యాక్టీరియా ఎందుకు మారుతుంది? ఆదోని, ఎమ్మిగనూరు వాసులు ముందే తెలుసుకోవాల్సిన విషయాలివే..

బరువు తగ్గడానికి ఆపరేషన్ అంటే ఒకప్పుడు పెద్దోళ్ల వ్యవహారం. 2011లో నితిన్ గడ్కరీ, 2014లో అరుణ్ జైట్లీ బేరియాట్రిక్ సర్జరీ చేయించుకున్నప్పుడు అది జాతీయ వార్త అయింది. ఇప్పుడు అదే ఆపరేషన్ యాడ్స్ రూపంలో చిన్న పట్టణాల మొబైల్ స్క్రీన్ల మీదికి వచ్చేసింది. కడుపు సైజు తగ్గిస్తారు, తిండి తగ్గుతుంది, బరువు దిగుతుంది.. చాలామందికి తెలిసింది ఇంతే. కానీ అసలు కథ పేగుల్లో నడుస్తోందని గత 15 ఏళ్ల పరిశోధనలు చెబుతున్నాయి. ఆపరేషన్ తర్వాత జీవితాంతం ఎందుకు జాగ్రత్తగా ఉండాలో కూడా అక్కడే అర్థమవుతుంది.

ఒకే చోట రెండు సమస్యలు

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే-5 ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 36.3 శాతం మహిళలు, 31.1 శాతం పురుషులు అధిక బరువు లేదా ఊబకాయంతో ఉన్నారు. దేశ సగటు చూస్తే మహిళల్లో 24, పురుషుల్లో 22.9 శాతమే. అదే సర్వేలో ఇంకో లెక్క కూడా ఉంది. రాష్ట్రంలో 15-49 ఏళ్ల మహిళల్లో 58.8 శాతం మందికి రక్తహీనత. అంటే ఒంట్లో కొవ్వు ఎక్కువ, రక్తం తక్కువ.. రెండూ ఒకే ఇంట్లో, ఒక్కోసారి ఒకే మనిషిలో కనిపిస్తాయి.

కర్నూలు జిల్లా పడమటి వైపు ఈ వైరుధ్యం ఇంకా సూటిగా తెలుస్తుంది. పనుల్లేక గుంటూరు వైపు మిరప కోతలకు వలసెళ్లే కుటుంబాలున్నది ఇక్కడే. పత్తి మార్కెట్, నూనె మిల్లులతో బిజీగా ఉండే ఆదోని, మగ్గాల మీద గంటల తరబడి కూర్చునే ఎమ్మిగనూరు ఉన్నదీ ఇక్కడే. ఈ రక్తహీనత లెక్కకి, బరువు తగ్గే సర్జరీకి దగ్గర సంబంధం ఉంది. అదెలాగో కింద చూద్దాం.

ఆపరేషన్‌లో అసలేం చేస్తారు?

ఎక్కువగా చేసేవి రెండు రకాలు. స్లీవ్ గ్యాస్ట్రెక్టమీలో జీర్ణాశయాన్ని దాదాపు 75-80 శాతం తీసేసి, అరటిపండులాంటి గొట్టంగా మిగులుస్తారు. గ్యాస్ట్రిక్ బైపాస్‌లో పైన చిన్న సంచి మాత్రమే ఉంచి, దాన్ని నేరుగా చిన్నపేగు కింది భాగానికి కలుపుతారు. తిన్న తిండి జీర్ణాశయంలో ఎక్కువ భాగాన్ని, చిన్నపేగు మొదటి భాగాన్ని తాకకుండానే ముందుకెళ్తుంది.

లైపోసక్షన్ వేరు, ఇది వేరు. లైపోసక్షన్‌లో చర్మం కింద కొవ్వును పీల్చేస్తారు, అంతే. ఆకలి, షుగర్, జీర్ణక్రియ జోలికి పోదు. ఈ రెండింటినీ ఒకటే అనుకుని డాక్టర్ దగ్గరికి వెళ్లేవాళ్లు తక్కువేం కాదు.

పేగుల్లో ఎవరెవరు మారతారు?

మన పేగుల్లో లక్షల కోట్ల బ్యాక్టీరియా ఉంటుంది. మనం అరిగించుకోలేని పీచును అవి పులియబెట్టి, పేగు గోడకు పనికొచ్చే కొవ్వు ఆమ్లాలు తయారు చేస్తాయి. సర్జరీ అయ్యాక వాటి ఇల్లే మారిపోతుంది. కడుపులో యాసిడ్ తగ్గడంతో అక్కడ చచ్చిపోవాల్సిన నోటి బ్యాక్టీరియా కొంత పేగుల దాకా బతికి చేరుతుంది. పైత్యరసం, ఆహారం కలిసే చోటు మారుతుంది. ఈ కొత్త వాతావరణంలో కొన్ని జాతులు తగ్గి, కొన్ని పెరుగుతాయి. 2009లో అమెరికాలో 9 మందిపై జరిగిన చిన్న అధ్యయనంలోనే బైపాస్ చేయించుకున్నవాళ్ల పేగు బ్యాక్టీరియా మిగతావాళ్ల కంటే స్పష్టంగా తేడాగా కనిపించింది.

మరి బరువు తగ్గడం వల్ల బ్యాక్టీరియా మారిందా, బ్యాక్టీరియా మారడం వల్ల బరువు తగ్గిందా? ఇది తేల్చడానికి 2013లో అమెరికా శాస్త్రవేత్తలు ఎలుకలపై ప్రయోగం చేశారు. బైపాస్ అయిన ఎలుకల పేగు బ్యాక్టీరియాను, అసలు బ్యాక్టీరియానే లేకుండా పెంచిన ఎలుకల్లోకి ఎక్కించారు. కత్తి పెట్టకుండానే వాటి బరువు తగ్గింది. 2015లో స్వీడన్ బృందం ఇంకో అడుగు ముందుకేసింది. సర్జరీ జరిగి 9 ఏళ్లు దాటిన మహిళల్లో కూడా ఆ మార్పు అలాగే ఉందని గుర్తించింది. వాళ్ల బ్యాక్టీరియా ఎక్కించిన ఎలుకల్లో కొవ్వు తక్కువగా పేరుకుంది.

అయితే ఇక్కడే ఆగాలి. మనుషుల్లో ఇది ఇంత తేలిగ్గా జరగలేదు. సన్నగా ఉన్న వ్యక్తి పేగు బ్యాక్టీరియాను క్యాప్సూళ్లుగా చేసి 22 మంది ఊబకాయులపై పరీక్షించిన ట్రయల్ ఫలితాలు 2020లో వచ్చాయి. వాళ్ల బరువు తగ్గలేదు. కాబట్టి 'పేగు బ్యాక్టీరియా మారిస్తే చాలు, బరువు దిగుతుంది' అంటూ అమ్మే పౌడర్లు, డబ్బాలను నమ్మి డబ్బు పోసుకోవద్దు.

షుగర్ ఎందుకు దిగుతుంది?

టైప్-2 షుగర్ ఉన్నవాళ్లలో చాలామందికి సర్జరీ తర్వాత, బరువు పెద్దగా తగ్గకముందే, రోజుల్లోనే షుగర్ లెవెల్స్ పడిపోతాయి. తిండి ఒక్కసారిగా తగ్గడం ఒక కారణం. ఆహారం త్వరగా పేగు కింది భాగానికి చేరడంతో జీఎల్‌పీ-1 అనే హార్మోన్ బాగా పెరగడం రెండోది. 2025లో మన మార్కెట్‌లోకి వచ్చిన మౌంజారో, వెగోవీ ఇంజెక్షన్లు కూడా ఈ హార్మోన్ దారిలోనే పనిచేస్తాయి. స్లీవ్‌లో అయితే ఆకలి పుట్టించే గ్రెలిన్ హార్మోన్ తగ్గుతుంది.

మూడో కారణం పైత్యరసం. అందులోని ఆమ్లాలను పేగు బ్యాక్టీరియా రకరకాలుగా మారుస్తుంది. అలా మారినవి శరీరానికి సిగ్నల్స్ పంపుతాయి. ఆ సిగ్నల్ అందుకునే ఎఫ్‌ఎక్స్‌ఆర్ అనే గ్రాహకం లేని ఎలుకలకు స్లీవ్ సర్జరీ చేసినా ఫలితం నిలవలేదని 2014లో తేలింది. అంటే కడుపు చిన్నదవడం ఒక్కటే మంత్రం కాదు.

డైటింగ్‌తో పోల్చి చూస్తే తేడా ఇంకా బాగా అర్థమవుతుంది. అమెరికాలో 'ది బిగ్గెస్ట్ లూజర్' టీవీ షోలో పోటీపడిన 14 మందిని 6 ఏళ్ల తర్వాత పరీక్షించారు. వాళ్ల శరీరం ఖర్చు చేయాల్సిన దానికంటే రోజుకు దాదాపు 500 కేలరీలు తక్కువ ఖర్చు చేస్తోంది. తగ్గిన బరువులో చాలా భాగం తిరిగొచ్చేసింది. సర్జరీ తర్వాత కూడా ఒళ్లు ఖర్చు చేసే కేలరీలు తగ్గుతాయి. కానీ దానితోపాటు పెరగాల్సిన ఆకలి అంతగా పెరగదు. అసలు లాభం అదే.

శాశ్వతమా అంటే..?

అందరికీ కాదు. స్వీడన్‌లో జరిగిన సుదీర్ఘ అధ్యయనంలో సర్జరీ తర్వాత 2 ఏళ్లకు 72 శాతం మందికి షుగర్ అదుపులోకి వచ్చి మందులు అవసరం లేకుండా పోయింది. 15 ఏళ్లకు అది దాదాపు 30 శాతానికి తగ్గింది. మందులు మాత్రమే వాడినవాళ్ల కంటే ఇది మెరుగే. కానీ 'షుగర్ పర్మినెంట్‌గా పోతుంది' అనే ప్రచారానికి, ఈ లెక్కకి చాలా దూరం ఉంది.

ఆపరేషన్ నగరంలో.. బతుకు ఇక్కడ

అసలు పరీక్ష డిశ్చార్జ్ అయ్యాకే మొదలవుతుంది. సర్జరీ తర్వాత ఐరన్, బీ12, విటమిన్-డి, కాల్షియం ఒంటికి సరిగ్గా పట్టవు. బైపాస్‌లో ఈ సమస్య ఇంకా ఎక్కువ. సగానికి పైగా మహిళలకు ముందే రక్తహీనత ఉన్న రాష్ట్రంలో ఇది చిన్న విషయం కాదు. మాత్రలు జీవితాంతం వేసుకోవాలి. రక్తపరీక్షలు మొదటి ఏడాది కొన్ని నెలలకోసారి, తర్వాత ఏటా చేయించాలి. బీ12 బాగా పడిపోతే కాళ్లు చేతుల తిమ్మిర్లతో మొదలై నరాలు దెబ్బతినే ప్రమాదం ఉంది.

ఆదోని నుంచి కర్నూలుకు దాదాపు 100 కిలోమీటర్లు. ఎమ్మిగనూరు నుంచి 70 దాకా. హైదరాబాద్, బెంగళూరు ఇంకా దూరం. ఆపరేషన్‌కి ఒకసారి అప్పు చేసైనా వెళ్తారు. కానీ పదేళ్ల పాటు చెకప్‌లకి వెళ్లొచ్చే ఖర్చు, పోయే కూలి ఎవరూ ముందే లెక్కేసుకోరు. మధ్యలో మానేసినవాళ్లకే ఇబ్బందులు ఎక్కువ.

ఇంకో డేంజర్ నొప్పి మాత్రలు. ఒళ్లు నొప్పులని మెడికల్ షాపులోనో, ఆర్‌ఎంపీ దగ్గరో తీసుకునే డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ లాంటివి బైపాస్ అయినవాళ్లలో పుండ్లకు, రక్తస్రావానికి దారితీయొచ్చు. మద్యం కూడా మునుపటి కంటే వేగంగా ఎక్కుతుంది. పిల్లల కోసం ప్లాన్ చేసే మహిళలు కనీసం 12 నుంచి 18 నెలలు ఆగాలని వైద్య మార్గదర్శకాలు చెబుతున్నాయి.

తిండి విషయంలో మొదటి వారాలు ద్రవాలు, ఆ తర్వాత మెత్తటివి. రోజుకు కనీసం 60 గ్రాముల ప్రొటీన్ అందాలి. పూర్తిగా కోలుకున్నాక డాక్టర్ ఓకే అంటే జొన్న రొట్టె, కొర్రలు, పప్పు, ఆకుకూరలు పేగు బ్యాక్టీరియాకి మంచి మేత. పొద్దున్నే ప్లేటు నిండా ఉగ్గాణి, పక్కన నాలుగు బజ్జీలు మాత్రం పాత అలవాటుగానే మిగిలిపోవాలి.

ఎవరికి అవసరం? ఇన్సూరెన్స్ వస్తుందా?

2022 అంతర్జాతీయ మార్గదర్శకాల ప్రకారం బీఎంఐ 35 దాటినవాళ్లకు సర్జరీ సూచించవచ్చు. ఆసియా వాసులకు 27.5 నుంచే ఆలోచించవచ్చు. కానీ ఇన్సూరెన్స్ లెక్క వేరు. ఐఆర్‌డీఏఐ ప్రామాణిక నిబంధన ప్రకారం బీఎంఐ 40 లేదా అంతకంటే ఎక్కువ ఉండాలి. లేదంటే 35 దాటి, అదుపులో లేని షుగర్, గుండె జబ్బు, తీవ్రమైన స్లీప్ ఆప్నియా లాంటి సమస్యలైనా ఉండాలి. అంటే డాక్టర్ సరే అన్నా ఇన్సూరెన్స్ కంపెనీ కాదనొచ్చు. పాలసీ పేపర్లు ముందే చదువుకోవడం మంచిది.

సంతకం పెట్టే ముందు ఈ 4 ప్రశ్నలు అడగండి

1. నాకు స్లీవ్ మంచిదా, బైపాస్ మంచిదా? ఎందుకు?
2. ఇప్పుడు నా హిమోగ్లోబిన్, బీ12 ఎంత ఉన్నాయి? ఆపరేషన్‌కి ముందే సరిచేస్తారా?
3. చెకప్‌లు, మాత్రలకు ఏడాదికి ఎంత ఖర్చవుతుంది? రక్తపరీక్షలు మా ఊళ్లో చేయించి రిపోర్టులు పంపితే చూస్తారా?
4. రాత్రిపూట కడుపునొప్పి, వాంతులు వస్తే దగ్గర్లో ఎవరి దగ్గరికి వెళ్లాలి?

నాలుగో ప్రశ్నకు ఆస్పత్రి దగ్గర సరైన సమాధానం లేకపోతే, ఆ ప్యాకేజీ ఎంత చవకగా దొరికినా తొందరపడొద్దు.

గమనిక: ఈ కథనం అవగాహన కోసం మాత్రమే. చికిత్స, మందులు, ఆహార మార్పుల విషయంలో తప్పనిసరిగా వైద్యులను సంప్రదించండి.