మరుగున పడలేదు, చెప్పలేదు

జాక్వెలిన్ కెనడీ పెళ్ళి గౌను గురించి ఏ వ్యాసం తీసినా, దాన్ని తయారుచేసిన మనిషి దగ్గరికి రాగానే ‘మరుగున పడిన డిజైనర్’ అంటారు. ఆ మాట చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. మరుగున పడటం అంటే ఎవరి ప్రమేయం లేకుండా, కాలం గడిచి జరిగేది. ఇక్కడ జరిగింది అది కాదు.

ఆమె ఆన్ లో. అలబామాలో పుట్టిన నల్లజాతి స్త్రీ. అమ్మమ్మ బానిసత్వంలోంచి బయటపడ్డ కుట్టుపని మనిషి. అమ్మదీ అదే పని. పెళ్ళికూతురి తల్లి ఆన్‌కి పాత కస్టమర్. న్యూయార్క్ డబ్బున్న కుటుంబాలన్నిటికీ ఆమె తెలుసు. అయినా 1953 సెప్టెంబర్ 12న న్యూపోర్ట్‌లో పెళ్ళయ్యాక న్యూయార్క్ టైమ్స్ గౌనుని వివరంగా వర్ణించింది, కుట్టిన మనిషి పేరు మాత్రం రాయలేదు. తెలిసినవాళ్ళూ నోరు విప్పలేదు. దీన్ని మరుపు అంటామా?

ఇక అందరికీ ఇష్టమైన ఘట్టం. పెళ్ళికి పది రోజుల ముందు ఆమె వర్క్‌షాపులో నీళ్ళ పైపు పగిలి పెళ్ళి గౌనూ, తోడిపెళ్ళికూతుళ్ళ గౌన్లు చాలావరకూ పాడైపోయాయి. రెండు నెలల పని మళ్ళీ మొదటినుంచీ చేసింది. ఆ కుటుంబానికి ఒక్క ముక్క చెప్పలేదు. ‘ఎంత గొప్ప మనసో!’ అని మనం కళ్ళు తుడుచుకుంటాం. లెక్క చూడండి: 700 డాలర్లు మిగులుతాయనుకున్న చోట 2,200 డాలర్లు నష్టం. పనివాళ్ళు కావాలి, కొత్త పట్టు కావాలి. అదంతా ఆమె జేబులోంచే పోయింది.

‘ఆమెకి వ్యాపారం తెలీదు, మరీ తక్కువ రేటు చెప్పేది’ అనేవాళ్ళున్నారు. కొంత నిజమే. కానీ ఆ తక్కువ రేటు మీద కూడా బేరమాడింది ఎవరు? మన దగ్గర మాత్రం? ‘టైలర్’ అంటే ఒక రేటు, ‘డిజైనర్’ అంటే ఇంకో రేటు. పేరు లేని మనిషి ధర పెంచలేదు. పేరు చెప్పకపోతే లాభం కస్టమర్‌దే.

ఇది ఆన్‌కి బాగా తెలుసు. 1961లో ఒక పత్రిక ఆమె పేరు రాయకుండా, ఎవరో నల్లజాతి కుట్టుపని మనిషి అన్నట్టు రాస్తే, బాధపడుతూ నేరుగా జాక్వెలిన్‌కే ఉత్తరం రాసింది. తనని పేరున్న నీగ్రో డిజైనర్‌గా చెప్పాలని ఆమె కోరిక. తర్వాత పన్ను బకాయిలు మీదపడి షాపు మూతపడింది. ఎవరో పేరు చెప్పకుండా ఆ బాకీ కట్టేశారు. జాక్వెలినే అయ్యుంటుందని ఆన్ నమ్మింది. అయ్యుండొచ్చు. కానీ దానం గుట్టుగా చెయ్యొచ్చు గానీ, గుర్తింపు గుట్టుగా ఇవ్వడం కుదరదు కదా!

1981లో ఆమె చనిపోయింది. 2023లో వింటర్‌థర్ మ్యూజియం ఆమె గౌన్లతో పెద్ద ప్రదర్శన పెట్టింది. సంతోషం. అయితే ఈసారి ఈ కథ ఎవరికైనా చెప్పేటప్పుడు పగిలిన పైపు దగ్గర మొదలుపెట్టకండి. బిల్లు దగ్గర మొదలుపెట్టండి.